మునిరత్నం పేరు మీద వచ్చిన పెట్టె

బండి ఎక్కడ ఆపాలి

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరే పిల్లలకు నేను మొదట చెప్పేది మందుల గురించి కాదు, బండి గురించి. రోగి ఇంటి ముందు బండి ఆపకండి. రేషను షాపు దగ్గరో టీ కొట్టు దగ్గరో ఆపి, ఎవరింటికో పేరంటానికి పోతున్నట్టు నింపాదిగా నడిచి వెళ్లండి. నా స్కూటీ ఒక ఇంటి ముందు ఆగిందంటే, మరునాటి నుంచి ఆ ఇంటికి పాలు పోసేవాడు కూడా గడప బయట నిలబడి గిన్నె అక్కడే పెట్టమనేవాడు. నగరి చుట్టుపక్కల నా అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. అందరికీ నేను టీబీ మేడమ్‌ని. పెళ్లిళ్లలో నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. నీతో వస్తే కాళ్లు చాపుకుని భోంచేయొచ్చని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

నేను ప్రభుత్వ క్షయ విభాగంలో చికిత్స పర్యవేక్షకురాలిగా పనిచేసి రిటైరయ్యాను. పేరు ఘనంగా ఉంటుంది కానీ పని చాలా మామూలుది. దగ్గుతున్న మనిషిని వెతికి పట్టుకోవాలి. కఫం పరీక్షకు పంపాలి. జబ్బు ఉందని తేలితే, నయమయ్యేదాకా మాత్రలు ఆ మనిషి కడుపులో పడేట్టు చూడాలి. ప్రమోషన్లు, బదిలీలు, నెలాఖరు రిపోర్టుల సంగతి మీకు ఎలాగూ తెలుస్తుంది. వాటి జోలికి నేను పోను.

అంతకాలం లోపల ఉండి చూసినదాన్ని కాబట్టి ప్రభుత్వ వైద్యంలో లోటుపాట్లు నాకు మీకంటే బాగా తెలుసు. మందుల స్టాకు రాక రోగి ముఖం చూడలేక దాక్కున్న రోజులున్నాయి. ముగ్గురు చేయాల్సిన పని ఒక్కదాన్ని చేసిన రోజులున్నాయి. ఆసుపత్రి మీద జనం అరిస్తే, వాళ్లు అరిచింది నిజమే కాబట్టి తల వంచుకుని విన్నాను. అయినా చెబుతున్నాను. ఒక మామూలు మనిషి ప్రాణం కోసం ప్రభుత్వం నిజంగా పూనుకుంటే ఎంత పని జరుగుతుందో చూసి నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. రిటైరయ్యాక కూడా ఆ ఆశ్చర్యం నన్ను వదల్లేదు. అది నాకు చూపించినవాడు మునిరత్నం అనే రంగులాయన. ఈ నాలుగు మాటలూ అతని గురించే.

రంగులకు భయపడతానా

నగరిలో మరమగ్గాల చప్పుడు లేని వీధి తక్కువ. నూలు మగ్గమెక్కే ముందు దానికి రంగు వేయాలి. ఆ పనికి వేరే షెడ్లుంటాయి. పెద్ద తొట్లలో వేడి నీళ్లు, అందులో రంగు పొడి, ఆ రంగు నీళ్లలో నూలు చిలపలు, అంటే నూలు పోగుల కట్టలు, ముంచి తీస్తుంటారు. మునిరత్నం అలాంటి ఒక షెడ్డులో రంగు కలిపే మనిషి. ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. భార్య సెల్వి సరిహద్దు అవతల తిరుత్తణి దగ్గరి పిల్ల. ఇద్దరికీ అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న ఒక ఆడపిల్ల. ఆ పాప నాయన గుండె మీద బోర్లా పడుకుంటే తప్ప నిద్రపోయేది కాదు.

అతను మా దగ్గరికి తేలిగ్గా రాలేదు. దగ్గు మందు సీసాలు ఒకదాని తర్వాత ఒకటి తాగాడు. రంగు పొడి ఘాటుకే దగ్గు వస్తోందని షెడ్డులో అందరూ అన్నారు, అతనూ నమ్మాడు. చివరికి ఆ వీధి ఆశా కార్యకర్త పోరు పెట్టి కఫం పరీక్ష చేయించింది. క్షయ అని తేలింది. మామూలు క్షయే. ఆరు నెలలు మాత్రలు సరిగ్గా వేసుకుంటే పోయే జబ్బు.

ఆ మాత్రల్లో ఉండే ఒక మందుకు ఒక గుణం ఉంది. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. దానివల్ల హాని ఏమీ లేదు. కానీ ముందే చెప్పకపోతే రక్తం పోతోందని జనం హడలిపోతారు. అందుకని మొదటి రోజే మునిరత్నాన్ని కూర్చోబెట్టి చెప్పాను. రంగు మారుతుంది, భయపడొద్దు అన్నాను.

అతను తన చేతులు ముందుకు చాపి చూపించాడు. గోళ్ల సందుల్లో ఆ వారం వేసిన ముదురు పచ్చ ఇంకా ఉంది.

"రంగులకు నేను బయపడతానాక్కా. పొద్దన్న లేస్తే అదే గదా నా బతుకు," అన్నాడు.

భయపడని రోగి దొరికాడని నేను సంతోషంగా ఇంటికి పోయాను.

ఖాళీ షీట్లు

మొదటి రెండు నెలలు ఆశా కార్యకర్త ఎదురుగా నిలబడి మాత్రలు మింగించింది. దగ్గు తగ్గింది. బుగ్గలు నిండాయి. మళ్లీ పనికి పోవడం మొదలుపెట్టాడు. అలాంటి రోగికి వారానికి సరిపడా మాత్రలు ఇంటికే ఇచ్చేస్తాం. వారం తర్వాత ఖాళీ షీట్లు తెచ్చి చూపించాలి. షీటు ఖాళీ అయితే మాత్ర మింగినట్టే అనుకుంటాం. అన్నిచోట్లా నడిచే పద్ధతి అదే.

మునిరత్నం ఏ వారమూ తప్పలేదు. షీట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చేవాడు. వేరే రోగులకు అతన్ని చూపించి, చూడండి ఆయన ఎంత బుద్ధిగా వేసుకుంటున్నాడో అనేదాన్ని.

మందులు ముగింపుకొస్తున్న సమయంలో దగ్గు తిరగబెట్టింది. కఫంలో క్రిములు మళ్లీ కనిపించాయి. ఆ కఫాన్నే జిల్లా ల్యాబుకు పంపితే ఇంకో సంగతి తెలిసింది. అతని ఒంట్లోని క్రిముల మీద మా ముఖ్యమైన మందు పనిచేయడం లేదు. దీన్నే మొండి క్షయ అంటారు. మామూలు మాత్రలు ఎన్ని మింగినా అది లొంగదు. ఆ మనిషి దగ్గినప్పుడు ఎదుటివాళ్లకు అంటుకునేది కూడా ఆ మొండిదే. ఆ రిపోర్టు చేతిలో పట్టుకున్నప్పుడు నాకు మునిరత్నం గుర్తు రాలేదు. అతని గుండె మీద బోర్లా పడుకున్న పాప గుర్తొచ్చింది.

ఇంటికి పోయి మాత్రలన్నీ వేసుకున్నావా అని అడిగాను. వేసుకున్నానన్నాడు. నిజం చెప్పు అన్నాను. తల వంచుకున్నాడు. పాపను చంకనేసుకుని తలుపు దగ్గర నిలబడిన సెల్వి ఉండబట్టలేక చెప్పేసింది.

"దినామూ సగమే ఏసుకుంటా ఉన్నాడక్కా. నేను అడిగితే నీకు తెలీదులే అంటాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. నీ ప్రాణం నీ ఇష్టం, ఈ పసిబిడ్డ ఏం పాపం చేసిందన్నాను. అతను చెప్పులేసుకుని షెడ్డుకు పోయాడు.

డాక్టరుగారి ప్రశ్న

మా జిల్లా క్షయ అధికారి డాక్టరుగారు ముక్కుసూటి మనిషి. మీటింగులో కాగితాలు చదివితే వినేవాడు కాదు. "అంకెలు తర్వాత, ముందు మనిషి సంగతి చెప్పు" అనేవాడు. ఆయన గదిలోకి పోవాలంటే చాలామందికి చెమటలు పట్టేవి. మునిరత్నం రిపోర్టు తీసుకుని పోయినప్పుడు నాకూ పట్టాయి.

జరిగింది చెప్పాను. సగం మాత్రలు వేసుకున్నాడు, ఖాళీ షీట్లు చూపించి మోసం చేశాడు, గట్టిగా మందలించి వచ్చాను సార్ అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎందుకు సగం వేసుకున్నాడు?"

"తెలియదు సార్. నిర్లక్ష్యం."

"నిర్లక్ష్యం ఉన్నవాడు మందు మొత్తం మానేస్తాడమ్మా. ఎవరూ పనిగట్టుకుని రోజూ సగం చేసుకుని మింగరు. దానికి శ్రద్ధ కావాలి. తిట్టడం తర్వాత. ముందు పోయి అడుగు."

మీకు ఎలాంటి అధికారులు దొరుకుతారో నాకు తెలియదు. కొందరు రిపోర్టు చూసి సంతకం పెడతారు. కొందరు తప్పు ఎవరి మీదికి తోయాలా అని చూస్తారు. ఈయన గొంతు పెద్దదే కానీ రోగి ఎందుకు అలా చేశాడో తెలిసేదాకా వదిలేవాడు కాదు. నా ఉద్యోగంలో నేను ఎవరి దగ్గరైనా పని నేర్చుకున్నానంటే ఆయన దగ్గరే.

తొట్టి దగ్గర

ఈసారి మునిరత్నం ఇంటికి పోలేదు. షెడ్డుకే పోయాను. ఆవిరిలో మనుషులు సరిగ్గా కనిపించరు. అతను మోకాళ్ల దాకా లుంగీ ఎగ్గట్టి తొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి మళ్లీ తిట్లు పడతాయనుకుని బిగుసుకుపోయాడు.

"తిట్టడానికి రాలేదప్పా. ఒక్క మాట అడగాలని వచ్చినా. మాత్రలు సగమే ఎందుకేసుకున్నావు?" అన్నాను.

అతను తొట్టిలో నుంచి ఒక నూలు చిలప కర్రతో పైకెత్తి వెలుతురులో పెట్టి చూశాడు. ఎర్రది. దాని పక్కన వ్యాపారి ఇచ్చిన చిన్న నూలు ముక్క పెట్టి చూశాడు. తొట్టిలోది కాస్త ముదురుగా ఉంది.

"సూడక్కా. రంగు ఇట్లా ముదిరిందంటే ఏమని అర్తం? పొడి ఎక్కువ పడిందని. అప్పుడేం జేస్తాం? ఇంగో తూరి పొడి తగ్గిస్తాం," అన్నాడు. "నువ్వు ఒంటికి పోతే రంగొస్తాదని సెప్పినావు. నిజంగానే వచ్చినాది. శానా ముదురుగా వచ్చినాది. అంటే మందు నా ఒంటికి కావాల్సినదానికన్నా ఎక్కువ పడతా ఉందని గదా. సగం ఏసుకుంటే లేతగా వచ్చినాది. ఇదీ సరైన షేడు అనుకున్నా."

 ఎవరూ చూడకుండా మాత్రలు పారేసే రోగులను చూశాను. చేదని, వాంతులని, దేవుడి దీక్షని, దగ్గు తగ్గిపోయిందని మానేసేవాళ్లను చూశాను. ఆ సాకులన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. కానీ ఇతను మందుకు భయపడలేదు, విసుగు పడలేదు. తనకు తెలిసిన విద్యతో మోతాదు సరిచేసుకున్నాడు. రంగు మారుతుందని చెప్పానే గానీ, ఆ రంగుకూ మోతాదుకూ సంబంధం పెట్టుకోవద్దని చెప్పాలని నాకు తట్టలేదు. ఇంకెవరికైనా తట్టేదా అంటే అనుమానమే.

"మిగిలిన సగం ఏం చేశావు?"

గూటిలో ఉన్న ఒక పాత రంగు పొడి డబ్బా తీసి మూత తెరిచాడు. మాత్రలన్నీ అందులో ఉన్నాయి.

"పారేయలేదక్కా. మిగిలిన పొడి ఎవురన్నా పారేస్తారా," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. ఆ డబ్బా మూత పెట్టి తీసుకున్నాను. అప్పుడు మెల్లగా, తొట్టి భాషలోనే చెప్పాను. మందు తగ్గిస్తే రంగు లేతబడుతుంది, కానీ క్రిమి చావదు, ఆ కొంచెం మందుకు అలవాటుపడి మొండికేస్తుంది, ఇప్పుడు జరిగింది అదే అన్నాను. అతను చేతిలోని కర్రను తొట్టి అంచుకు ఆనించి కూర్చుండిపోయాడు. ఒకటే మాట అడిగాడు.

"పాపకు అంటిందాక్కా?"

చేతులు మారుతూ పోయినది

ఇక్కడి నుంచి జరిగినదాన్ని నేను ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు ముఖ్యంగా ఇది వినాలి.

మరునాడే సెల్వికి, పాపకు పరీక్షలు చేయించాం. పాపకు ఎక్స్‌రే తీస్తుంటే మునిరత్నం గది బయట గోడకు తల ఆనించి నిలబడ్డాడు. ఇద్దరికీ ఏమీ లేదని తేలింది. అతను నేల మీదే చతికిలబడ్డాడు. నేనూ పక్కనే కూర్చున్నాను. అయితే పాప గండం నిజంగా గడవాలంటే నాయన ఒంట్లో జబ్బు చావాలి.

ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో తేల్చడానికి మునిరత్నం కఫాన్ని ఐసు ప్యాకుల మధ్య పెట్టి ఇంకా పెద్ద ల్యాబుకు పంపాం. మా నాయన పాకాల జంక్షనులో రైళ్లకు దారి మళ్లించే పని చేసేవాడు. చిన్నప్పుడు నేను, ఈ రైలు ఎక్కడికి పోతుంది, అందులో ఎవరు దిగుతారు అని అడిగితే, "నాకేం తెలుస్తాదిమే, నేను దారి ఏస్తా, అది పోతాది" అనేవాడు. ఆ ఐసు పెట్టె బస్సెక్కుతుంటే నాకు ఆ మాటే గుర్తొచ్చింది. దాన్ని అక్కడ ఎవరు దించుకుంటారో తెలియదు. ఏ అమ్మాయి ముఖానికి మాస్కు కట్టుకుని ఆ మూత తెరుస్తుందో తెలియదు. ఒక రంగుల షెడ్డు కూలీ ఉమ్మిన కఫాన్ని అంత జాగ్రత్తగా, బంగారం మోసినట్టు, చేతులు మారుస్తూ అంతదూరం తీసుకుపోయి, దాని లోపల ఏముందో చూసి, జవాబు మళ్లీ నగరికి పంపారు. ఇందులో ఎవరూ అతన్ని నువ్వెవరు, నీకేముంది అని అడగలేదు.

తిరుపతిలో పెద్దాసుపత్రిలో మొండి క్షయకు వేరే వార్డు ఉంటుంది. అక్కడ చేర్చుకుని గుండె, కళ్లు, రక్తం అన్నీ పరీక్షించారు. కొత్త మందులు గట్టివి కాబట్టి ఒళ్లు తట్టుకుంటుందో లేదో చూడాలి. అవి మందుల షాపులో దొరికేవి కావు. ప్రభుత్వం తెప్పిస్తేనే ఉంటాయి.

వార్డు నుంచి ఇంటికి పంపాక, నగరి ఆసుపత్రికి అతని పెట్టె వచ్చింది. అట్టపెట్టె. పైన కాగితం మీద మునిరత్నం పేరు రాసి ఉంది. లోపల నెలకు సరిపడా మందులు. రోజూ నా ఎదుటో, ఆశా కార్యకర్త ఎదుటో వచ్చి మింగాలి. ఇంటికి ఇచ్చే మాట లేదు.

మొదటిరోజు ఆ పెట్టెను అతను రెండు చేతులతో పట్టుకుని పేరు మీద వేలు పెట్టి చదువుకున్నాడు.

"ఇంటిపేరుతో సయితం రాసినారే. మా ఓనరుకు గూడా నా ఇంటిపేరు తెలీదక్కా," అన్నాడు. కాసేపు చూసి, "ఇది నాకోసరమే వచ్చినాదా?" అని అడిగాడు.

"నీకోసమే. వేరేవాళ్లకు ఇవ్వకూడదు."

"ఎవురు పంపినారు?"

"గవర్నమెంటు."

"గవర్నమెంటు అంటే ఎవురక్కా? ఒక మనిసి పేరు సెప్పు. మొక్కుకుంటా."

ఎవరి పేరు చెప్పను? నవ్వి, ముందు మాత్రలు మింగు అన్నాను. కానీ ఆ ప్రశ్న నాకు ముల్లులా గుచ్చుకుంది. పథకాల బ్యానర్ల మీద ముఖాలుంటాయి. అయితే ఈ పెట్టె వెనక ఉన్నవాళ్ల ముఖాలు నేను కూడా చూడలేదు. జనానికి ప్రభుత్వాసుపత్రిలో కనిపించేది క్యూ, పగిలిన బల్ల, అరిచే నర్సు. ఐసు పెట్టె ప్రయాణం ఎవరికీ కనిపించదు.

ఒకసారి సెల్వి తండ్రి చనిపోతే కర్మకాండలకు వాళ్లు తిరుత్తణి వైపు పోవాల్సి వచ్చింది. అది వేరే రాష్ట్రం. మాత్రలు ఒక్కరోజు కూడా తప్పకూడదు. అక్కడి క్షయ విభాగం నంబరు సంపాదించి ఫోను చేస్తే ఒక అమ్మాయి గొంతు తమిళంలో పలికింది. నాకు వచ్చిన సగం తమిళంలో సంగతి చెప్పాను. మరునాటి నుంచి రోజూ పొద్దున్నే ఆమె నుంచి ఫోను. "అక్కా, మాత్తిరె పోట్టుట్టారు," మాత్రలు వేసుకున్నాడని. చావింటి వాకిట్లోకి పోయి, నలుగురిలో అతని జబ్బు బయటపెట్టకుండా, ఎవరో బంధువుల అమ్మాయిలాగా పక్కకు పిలిచి మింగించేదట. తన బండి కూడా వీధి చివరే ఆపేదని మునిరత్నం చెప్పినప్పుడు, చూడని ఆ పిల్ల నాకు సొంత చెల్లెలిలా అనిపించింది. ఆమె ముఖం నేను ఈరోజుకీ చూడలేదు.

తడి గుడ్డ

కొత్త మందుల్లో ఒకటి ఒళ్లు నల్లబరుస్తుంది. తిరుపతి డాక్టర్లు ముందే చెప్పారు. మందు ఆపాక మెల్లగా మామూలవుతుందనీ చెప్పారు. నేనైతే ఈసారి వదల్లేదు. రంగు చూసి మోతాదు మార్చే పని పెట్టుకోవద్దని మళ్లీ మళ్లీ చెప్పాను.

నెలలు గడిచేకొద్దీ మునిరత్నం ముఖం బాగా వేయించిన సెనక్కాయ గింజ రంగుకు తిరిగింది. తర్వాత ఇంకా ముదిరింది. జనం ఊరుకుంటారా. ఏం మునిరత్నం, తొట్టిలో పడినావా అని షెడ్డులో ఆటపట్టించారు. టీ కొట్టులో అతనికి వేరే గ్లాసు పెట్టారు. అన్నిటినీ నవ్వి తోసేశాడు. కడుపులో తిప్పినా, కాళ్లు తిమ్మిరెక్కినా, ప్రతి పొద్దునా వచ్చి మింగి పోయేవాడు.

ఒక పొద్దున వచ్చి బెంచీ మీద కూర్చుని, మాత్రలు అందుకోలేదు.

"ఈ దినం వద్దక్కా," అన్నాడు.

నాకు మళ్లీ కోపం గొంతు దాకా వచ్చింది. ముందు అడుగు అన్న మా డాక్టరుగారి మాట గుర్తొచ్చి మింగేశాను. పక్కన కూర్చుని, ఏమైందప్పా అని అడిగాను.

రోజూ షెడ్డు నుంచి రాగానే అతను వాకిట్లో చేతుల రంగు కడుక్కుంటాడు. పాప పక్కనే నిలబడి చూస్తుంది. ఆ ముందు రోజు ఆ పిల్ల ఒక గుడ్డ తడిపి తెచ్చి, నాయన ఒళ్లో ఎక్కి కూర్చుని ముఖం తుడవడం మొదలుపెట్టిందట. చేతుల రంగు పోయినట్టే ముఖానిదీ పోతుందనుకుంది. ఎంత తుడిచినా పోకపోతే ఇంకా గట్టిగా రుద్దింది. చివరికి ఏడుపు మొదలుపెట్టింది.

చెప్పి అతను ముఖం తిప్పుకున్నాడు.  ఇన్నేళ్లలో నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ అక్కడ పనికిరాదనిపించింది.  చివరికి అతనే చెయ్యి చాపాడు.

"ఇయ్యక్కా. ఈ తూరి నూలు నేనే గదా. తొట్టిలో దిగిన నూలు, నాకు ఇంత సాలు అంటాదా," అన్నాడు.

మాత్రలన్నీ ఒక్కొక్కటిగా మింగాడు. ఆ రోజు నేను ఇంకే పనీ చేయలేకపోయాను.

ఎవరికి మొక్కాలి

ఏడాదిన్నర పైన పట్టింది. నెలనెలా కఫం పోయింది, నెలనెలా జవాబు వచ్చింది. క్రిమి లేదు, లేదు, లేదు అని. చివరి రిపోర్టు కూడా అలాగే వచ్చాక డాక్టరుగారు నన్ను పిలిచి, ఆ కాగితాన్ని ఇంటికి తీసుకుపోయి నీ చేతులతోనే ఇవ్వమ్మా అన్నాడు. ఆ ఒక్కరోజు నేను నా నియమం తప్పి బండిని మునిరత్నం ఇంటి ముందే ఆపాను. వీధి వీధంతా చూడాలని.

కొన్నాళ్లకు అతను గుండుతో, మెడలో తులసి మాలతో ఆసుపత్రికి వచ్చాడు. ముఖం కాస్త తేటబడింది. కాలినడకన కొండెక్కి తలనీలాలు ఇచ్చి వచ్చాడట. నా చేతిలో లడ్డు పెట్టాడు.

"స్వామి మొక్కు తీరిపోయిందక్కా. గవర్నమెంటు మొక్కు అట్లనే ఉండాది. యాడికి పోయి తీర్చుకోవాలో నువ్వు సెప్పనే లేదు," అన్నాడు.

ఈసారి కూడా నాకు తెలియలేదు. పిల్లను బాగా చదివించు, అదే చాలు అన్నాను. అది అందరూ అనే మాటే. అతనికీ తృప్తిగా లేదు, నాకూ లేదు.

నేను రిటైరయ్యే ముందు మరమగ్గం మీద పనిచేసే దేవకి అనే అమ్మాయికి మొండి క్షయ తేలింది. మునిరత్నం వేసుకున్న మందులే. ముఖం నల్లబడటం మొదలుకాగానే మానేసింది. ఇంటికి పోతే తలుపు తీయదు. బతిమాలి ఆసుపత్రికి తెస్తే, ముఖం నిండా ముసుగేసుకుని బెంచీ మీద గోడవైపు తిరిగి కూర్చుంది. నేనూ, ఆశా కార్యకర్తా చెప్పీ చెప్పీ అలసిపోయాం. ఈ మందు ఆగితే ఆ పిల్ల ఏమవుతుందో నాకు తెలుసు. చివరికి మునిరత్నానికి ఫోను చేశాను.

షెడ్డు నుంచి అలాగే వచ్చాడు, చేతులకు నీలం రంగుతో. జేబులో నుంచి నూలు ముక్కల కట్ట ఒకటి తీశాడు. వ్యాపారులకు చూపించే షేడ్ల కట్ట. అందులో ఒక ముదురు గోధుమ ముక్క విడిగా ముడేసి ఉంది. తన ముఖం బాగా నల్లబడినప్పుడు, అద్దంలో చూసుకుని ఆ రంగుకు సరిపోయేట్టు ఆ ముక్కకు రంగు వేశాడట. నాకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు.

దేవకి ముందు నేల మీద కూర్చుని ఆ ముక్కను తన చెంప పక్కన పెట్టుకున్నాడు.

"సూడుమ్మా. నేను ఇంత దాకా పోయినా. ఇప్పుడు ఇంతకొచ్చినా. ఇంగా దిగతాది. నీది ఇంగా లేతే."

ఆ అమ్మాయి ముసుగు కొంచెం జరిపి చూసింది. నూలు ముక్కను, అతని చెంపను, మళ్లీ నూలు ముక్కను. చేయి చాపి ఆ ముక్క తీసుకుని తన మణికట్టు పక్కన పెట్టుకుంది. నేను మెల్లగా మాత్రలు అందించాను. మునిరత్నం లేచిపోయి కుండలో నీళ్లు ముంచుకొచ్చాడు. అన్నీ మింగేదాకా ఎదురుగానే ఉన్నాడు. రేపు గూడా వస్తానన్నాడు.

దేవకి గ్లాసు కింద పెట్టి, అతన్ని కిందికీ పైకీ చూసింది. నీలం చేతులు, తడిసిన లుంగీ.

"నువ్వెవురన్నా? ఆసుపత్రి మనిసివా?" అని అడిగింది.

మునిరత్నం నావైపు చూశాడు.  ఆ తర్వాత అతని ముఖంలో, ఎంతోకాలంగా వెతుకుతున్న వస్తువు సొంత జేబులోనే దొరికిన మనిషి సంతోషం కనిపించింది.

"గవర్నమెంటుమ్మా," అన్నాడు.

ఖాళీ గ్లాసు తీసుకుని కడగడానికి పోయాడు.